అన్నం ఉడికేదాకా పసుపు

రెడ్డిగూడెం చుట్టుపక్కల మామిడి తోటల్లో పనిచేసే ఆడవాళ్ళను మొహం చూసి గుర్తుపట్టవచ్చు. బుగ్గ మీదో, గడ్డం కిందో, మోచేతి దగ్గరో నల్లటి మచ్చ ఒకటి ఉంటుంది. కాయ తొడిమను ముచ్చిక అంటారు. అది విరిగినప్పుడు చిమ్మే సొన పడ్డ చోటు అది. పడ్డప్పుడు ఏమీ తెలియదు. సాయంత్రానికి మంట, మర్నాటికి పొక్కు, ఆ తర్వాత నలుపు. సీజన్ అయిపోయినా ఆ నలుపు పోదు. మళ్ళీ ఏడాది కాయ దిగే నాటికి కాస్త పలచబడుతుంది, ఈలోపు పక్కనే ఇంకొకటి పడుతుంది.

అచ్చమ్మ మొహం మీద మాత్రం మచ్చ లేదు. యాభై ఐదు దాటాయి, పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ తోటల్లోనే పని, అయినా బుగ్గలు తోమిన ఇత్తడి చెంబులా ఉండేవి. కొత్తగా కూలికొచ్చిన పిల్లలు చుట్టూ మూగి, "ఏం రాస్తావు పిన్నీ?" అని అడిగేవాళ్ళు. ఆమె దాచుకోకుండా మొత్తం చెప్పేది. అంతా విని వాళ్ళు, "అంత ఓపిక మాకెక్కడిది" అనేసి లేచిపోయేవాళ్ళు.

"ఓపికే మరి. అందులో ఇంకేముంది" అనేది అచ్చమ్మ.

పొద్దున పనిలోకి పోయేముందు కొబ్బరినూనె. అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని మొహానికీ మెడకీ మోచేతుల దాకా పలచగా రాసుకునేది. నూనె ఉన్న చోట సొన పట్టదు, జారిపోతుంది. చీర మీద మొగుడి పాత పొడుగు చేతుల చొక్కా, తల మీద తువ్వాలు. సాయంత్రం తోట నుంచి రాగానే నీళ్ళు ముట్టేది కాదు. సొన మీద నీళ్ళు పోస్తే అది పక్కకు పాకుతుంది. ముందు నూనె గుడ్డతో తుడుచుకోవాలి, ఆ తర్వాత శనగపిండి పెట్టి కడుక్కోవాలి. అప్పుడు పసుపు. కూరలోకి వేసే డబ్బా పసుపు కాదు. కొమ్మును సానరాయి మీద అరగదీసి, కాస్త మీగడ కలిపి మొహానికి పట్టించేది. పొయ్యి మీద ఎసట్లో బియ్యం పోసి వచ్చి, పచ్చటి మొహంతో గుమ్మంలో కూర్చునేది. అన్నం ఉడికాక లేచి గంజి వార్చి, మొహం కడుక్కునేది. కట్టెల పొయ్యి పోయి గ్యాస్ వచ్చినా, మామిడి సీజన్ పోయి వరి నాట్లు వచ్చినా ఈ వరస మాత్రం మారలేదు.

ఇందులో ఒక్క పని ఆమెది కాదు. పసుపు కొమ్ము అరగదీసేది ఆమె మొగుడు గంగరాజు.

దానికో కారణం ఉంది. గంగరాజు చెట్టెక్కి కాయ దించే మనిషి. కర్రకు వలసంచి కట్టిన చిక్కంతో, ముచ్చిక బెత్తెడు మిగిలేలా, కాయ కందకుండా కోయడంలో అతనికి పేరుంది. కానీ పెళ్ళైన కొత్తలో, పెళ్ళాం మొదటిసారి తన చెట్టు కిందికి కాయలేరడానికి వచ్చిన రోజున, ఆ పనితనమంతా ఎటో పోయింది. చిట్టచివరి కొమ్మకెక్కి, చిన్న రసం కాయ ఒకటి రంగు తిరిగి ఉండటం చూసి, "ఏమే, ఇటు చూడు! నీకే ఇది!" అని కేకేసి, చిక్కం పక్కన పెట్టి చేత్తో పుటుక్కున తుంచాడు. తలెత్తి నవ్వుతున్న అచ్చమ్మ కంటి కింద సొన ధారగా పడింది. అతను గబగబా దిగి, కంగారులో తనకు తెలిసిందే మర్చిపోయి, బోరు దగ్గరకు లాక్కెళ్ళి దోసిళ్ళతో నీళ్ళు కొట్టాడు. కంటి కింద పడ్డది దవడ దాకా పాకింది.

మర్నాటికి ఎడమ బుగ్గంతా పొంగింది. వారం తిరిగేసరికి నల్లగా మాడింది. సంగతి తెలిసి బాపులపాడు నుంచి ఆమె తండ్రి వచ్చాడు. కూతురి మొహం చూసి, "ఏం పోసి కాల్చావురా నా బిడ్డని?" అని అల్లుడి చొక్కా పట్టుకున్నాడు. "సొన నాన్నా, సొన" అని అచ్చమ్మ ఎంత చెప్పినా ఆ ముసలాయన నమ్మలేదు. వీధిలో చాలామంది నమ్మలేదు. కొత్త పెళ్ళాన్ని కాల్చాడన్న మాట ఏడాది పాటు గంగరాజు వెనకాలే తిరిగింది.

మీగడ కలిపిన పచ్చి పసుపు పూస్తే నలుపు విరుగుతుందని ఎవరో చెప్పారు. ఆ రోజు సాయంత్రం గంగరాజు సానరాయి కడిగి తెచ్చుకుని గుమ్మం ముందు గొంతుక్కూర్చున్నాడు. తప్పైపోయిందని అతను ఏనాడూ అనలేదు. అరగదీశాడు, అంతే. రెండు సీజన్లు పట్టింది ఆ మచ్చ పోవడానికి. మచ్చ పోయాక కూడా సాయంత్రమయ్యేసరికి రాయి ముందు కూర్చునేవాడు. తాగొచ్చిన రోజున కూడా కూర్చునేవాడు. చెయ్యి వణికితే కొమ్ము ఎగిరి పడేది, తిట్టుకుంటూ వెతికి తెచ్చి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

తోటలో వాళ్ళు ఊరుకుంటారా?

"ఏరా గంగరాజూ, బ్యూటీ పార్లర్ పెట్టావంట?"

"పెట్టాను. ఒక్కటే కస్టమరు."

"మాకూ చెయ్యరాదురా, పున్నెముంటది."

"అద్దంలో చూసుకునే అడుగుతున్నావా? దానికి పసుపు చాలదు, సున్నం కావాలి."

పక్కింట్లో ఉండే గోవిందమ్మ కూడా అంటూనే ఉండేది. గోవిందమ్మ గంగరాజుకు అక్క. పాతికేళ్ళ వయసులో మొగుడు జ్వరంతో పోతే, అత్తింటివాళ్ళు పొమ్మంటే, తమ్ముడు వెళ్ళి తీసుకొచ్చి తన గోడ పక్కనే పాక వేయించాడు. అప్పటి నుంచీ ఆ ఇంటికి పెద్ద దిక్కు ఆమే. "పెళ్ళాం మొహానికి రంగేసే మగాణ్ణి నేనెక్కడా చూళ్ళేదమ్మా" అని గోడ మీంచి అరిచేది. గంగరాజు తలెత్తకుండానే, "నీ తమ్ముడేలే, బాగా చూసుకో" అనేవాడు.

మొన్నటి ఏడాది, పూత మీద మందు కొట్టే రోజుల్లో, గంగరాజు పోయాడు. వీపు మీది మందు ట్యాంకు దించి, గుండెల్లో బరువుగా ఉందని చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. ఆటో తోలే కొడుకు హరీష్ నూజివీడు నుంచి వచ్చేసరికే అయిపోయింది.

పదో రోజున అచ్చమ్మకు ఒళ్ళంతా పసుపు పూసి, తల నిండా పూలు పెట్టి, చేతుల నిండా గాజులు వేసి, అన్నీ ఒక్కసారే తీసేశారు. హరీష్, "ఈ రోజుల్లో ఇవన్నీ ఎందుకత్తా" అని అన్నాడు కానీ, గోవిందమ్మ చూసిన చూపుకు బయటికి వెళ్ళిపోయాడు. అయినా గోవిందమ్మ మరీ రాయి కాదు. రోజులు మారాయని ఆమెకూ తెలుసు. అందరూ వెళ్ళిపోయాక మరదలి పక్కన కూర్చుని చెప్పింది.

"స్టిక్కర్ బొట్టు పెట్టుకో, ఎవరూ ఏమనరు. గాజులు కూడా చేతికొకటి వేసుకో, బోసి చేతులతో నిన్ను నేను చూళ్ళేను. పసుపు మాత్రం ముట్టుకోమాకు. అది మొగుడున్నదాని సొమ్ము."

అలా చెప్పి, గుమ్మం పక్కనున్న సానరాయిని తనే రెండు చేతులా ఎత్తి అటక మీద పెట్టేసింది.

ఆ రోజు అచ్చమ్మకు, మనిషే లేనప్పుడు రాయి ఎక్కడుంటే ఏం అనిపించింది. కానీ రోజులు గడిచి, వచ్చేపోయే జనం తగ్గి, ఇల్లు ఇల్లులా మారాక, సాయంత్రాలు మొదలయ్యాయి. ఎసట్లో బియ్యం పోసి వచ్చి అలవాటుగా గుమ్మంలో కూర్చునేది. ఎదురుగా ఎవరూ లేరు. మొహం మీద ఏమీ లేదు. అన్నం ఉడకడానికి ఇంతసేపు పడుతుందని ఆమెకు అన్నేళ్ళలో ఎప్పుడూ తెలియలేదు. లేచి లోపలికి వెళ్ళి మూత తీసి చూసి, మళ్ళీ వచ్చి కూర్చునేది. ఒక్కోసారి ఉడక్కముందే వార్చేసేది. "పలుకుగా ఉందమ్మా" అని హరీష్ కంచం ముందు గొణిగేవాడు.

సీజన్ వచ్చింది. కాయ దిగడం మొదలైంది. పొద్దున నూనె రాసుకోవడం మానమని ఎవరూ అనలేదు కాబట్టి అది మాత్రం సాగింది. ఆమె పని షెడ్డు కింద. కోసి తెచ్చిన కాయల ముచ్చికలు కత్తెరతో కత్తిరించి, సొన కారిపోయేలా గడ్డి మీద తలకిందులుగా వరసగా పెట్టాలి. ఎంత జాగ్రత్తగా ఉన్నా చుక్క ఎగురుతుంది. ఒక రోజు గడ్డం అంచున పడింది. తుడుచుకుంది, కడుక్కుంది, అయినా నల్లబడింది. మిగిలిన మొహమూ వెనకటిలా లేదు. పెదవుల పక్కన చర్మం పెళుసెక్కి పొట్టు లేచింది. వాళ్ళూ వీళ్ళూ చూసి, "మనిషి పోయిన దిగులు మొహంలోకొచ్చింది" అన్నారు.

కోడలు భవాని మాత్రం అలా అనుకోలేదు. ఆమె నూజివీడులో కాలేజీ అమ్మాయిల హాస్టల్లో పనిచేస్తుంది. గదులు ఊడుస్తూ ఊడుస్తూ ఆ పిల్లల బల్లల మీది సీసాలన్నిటి పేర్లూ నేర్చుకుంది. ఫేస్‌వాష్, సీరం, సన్‌స్క్రీన్. తన అద్దం ముందు కూడా మూడు పెట్టుకుంది. ఒక సాయంత్రం సంచిలోంచి చిన్న ట్యూబు తీసి అత్త చేతిలో పెట్టింది.

"అత్తయ్యా, ఇది పసుపు క్రీం. ఇందులో ఉండేది పసుపే. కానీ రాసుకుంటే కనపడదు."

"కనపడకపోతే పసుపెట్టా అవుద్ది?"

"సారం తీసి కలుపుతారంట. మా అమ్మాయిలు అందరూ రాస్తారు."

"మీ అమ్మాయిలకేం ఖర్మ? మామూలు పసుపు పూసుకుంటే వద్దనేవాళ్ళున్నారా వాళ్ళకి?"

గోడ అవతల నుంచి గోవిందమ్మ వచ్చి ట్యూబు తీసుకుంది. మూత తీసి వాసన చూసింది. వేలి మీద కాస్త వేసుకుని రుద్దింది. వేలు తెల్లగానే ఉంది.

"బానే ఉంది. రాసుకో" అంది. "కనపడందానికి ఎవరేమంటారు?"

భవాని మొహం వెలిగింది. ఇంట్లో గొడవ లేకుండా దారి దొరికిందని ఆ పిల్ల సంతోషం. అచ్చమ్మ కోడలి మనసు కష్టపెట్టలేక రోజూ రాసుకుంది. క్రీం మంచిదే. పొట్టు పోయింది, మంట తగ్గింది. గడ్డం కింది నలుపు కూడా విరగడం మొదలైంది. మొహం మళ్ళీ మెత్తబడింది.

అయినా ఆమె సాయంత్రం గుమ్మంలో కూర్చుంటే అన్నం ఉడికేది కాదు.

ఒక మధ్యాహ్నం షెడ్డు పక్కన అన్నాలు తింటున్నప్పుడు మెర్సీ అడిగింది. మెర్సీ, అచ్చమ్మ పక్కపక్కనే కూర్చుని ముచ్చికలు కత్తిరిస్తారు. మెర్సీ చర్చికి పోయే మనిషి.

"ఏంటక్కా, క్రీం రాస్తున్నావంటగా? మొహం బానే ఉందే. మరి ఆ మూతి ఎందుకట్టా పెట్టావ్?"

"ఏం లేదే."

"మాకీ గోలే లేదు చూడు. పుట్టినకాడ్నుంచీ పసుపు లేదు, బొట్టు లేదు. మా ఆయన పాల్ రాజున్నా ఇదే మొహం, లేకపోయినా ఇదే మొహం."

"అదృష్టవంతురాలివి."

"ఏం అదృష్టం? ఈ మచ్చలు చూడు. ఇండియా పటం వేసినట్టు లేదూ?"

అచ్చమ్మ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది.

"మొహం సంగతి కాదు మెర్సీ. పసుపంటే మొగుడున్నదాని గుర్తంట. అందరికీ అంతేనేమో. నాకట్టా కాదే. ఆయన కూలి తెచ్చాడు, తాగొచ్చాడు, తిట్టాడు, కొడుకుని పెంచాడు. అందరి మొగుళ్ళూ చేసేవే. ఇదొక్కటే నాకోసం చేసింది. రోజూ నా ఎదురుగా కూర్చుని, నా మొహం కోసం చేశాడు. ఆయన పోయాడని పూలు తీసుకున్నారు, తీసుకోండన్నాను. ఆయన చేతి పని కూడా తీసుకెళ్ళి అటక మీద పెడితే, ఇంక నా దగ్గర ఆయనది ఏం మిగిలిందని?"

మెర్సీ తన గిన్నెలో ఉన్న పచ్చడి ముక్క తీసి అచ్చమ్మ కంచంలో వేసింది.

"అయితే దించుకో. అటకెక్కలేవా?"

"ఎక్కగలను. వదినుందిగా."

"ఆమె నిన్నేం చేస్తది?"

"ఏం చెయ్యదు. అదే భయం" అంది అచ్చమ్మ.

ఆ సాయంత్రం ఆమె స్టూలు వేసుకుని అటక మీద చెయ్యి పెట్టింది. రాయి బరువు ఆమెకు తెలియదు. ఎప్పుడూ ఎత్తలేదు మరి. గుండెలకు ఆనించుకుని దిగి, కడిగి, గుమ్మం ముందు పెట్టుకుంది. కొమ్ము తీసుకుని రాయి మీద రుద్దింది. నీళ్ళెక్కువయ్యాయి. పసుపు పలచగా జారి చీర మీద పడింది. మళ్ళీ రుద్దింది. మీగడ కలిపి, అద్దం అక్కర్లేకుండా మొహానికి పట్టించి కూర్చుంది.

పాల చెంబు పట్టుకుని వచ్చిన గోవిందమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఏంటే అది?"

"పసుపు వదినా."

"తెలుస్తానే ఉంది. క్రీం తెచ్చిచ్చిందిగా ఆ పిల్ల. అది రాసుకోమన్నానుగా!"

"అది దొంగతనంగా రాసుకున్నట్టుంది. నా వల్ల కాలేదు."

"నా తమ్ముడు పోయి ఏడాది తిరగలేదు, వీధిలో కూర్చుని పచ్చగా పూసుకుంటావా? జనం ఏమనుకుంటారే?"

"ఆయన రోజూ ఇక్కడే కూర్చుని అరగదీశాడు. అప్పుడూ జనం అనుకున్నారు. ఆయన మానాడా?"

"అప్పుడు వాడున్నాడు!"

"అందుకే వదినా" అంది అచ్చమ్మ. "ఇప్పుడు లేడనే."

గోవిందమ్మ చెంబు అరుగు మీద దడేల్న పెట్టింది. పాలు చిందాయి. ఆమె ఏదో తిట్టబోయింది, తిట్టు రాలేదు. ఇంకేదో వచ్చింది.

"మరి నేనెందుకు మానుకున్నానే? పాతికేళ్ళదాన్ని అప్పుడు. నాకు మొహం లేదా? నలభై ఏళ్ళుగా పసుపు డబ్బా మూత తీస్తే చెయ్యి కడుక్కుంటున్నాను. అంతా ఉత్తదేనంటావా? మానుకోకపోయినా పోయేదేం లేదంటావా? ఆ మాట ఇప్పుడు చెబుతున్నావా నాకు?"

అచ్చమ్మ పచ్చటి మొహంతో అలాగే చూస్తూ కూర్చుంది. గోవిందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. లోపల అన్నం అడుగంటింది.

ఆ రోజు నుంచి రెండిళ్ళ మధ్య మాటల్లేవు. గోవిందమ్మ పాలకేంద్రం దగ్గర అందరి ముందూ అంది, "మా మరదలికి ఎవరి మాటా అక్కర్లేదు" అని. ఇంకొందరు ఇంకొన్ని కలిపారు. హరీష్ తల్లి దగ్గరకొచ్చి నసిగాడు.

"అమ్మా, అత్త బాధపడుతోంది. నువ్వు పూసుకో, నేను వద్దనను. కాస్త లోపల కూర్చుని పూసుకోరాదూ?"

"మీ నాన్న లోపల కూర్చున్నాడంట్రా ఎప్పుడైనా?"

భవాని మాత్రం, "మీ ఇష్టం అత్తయ్యా. పగలు ఎండలోకి పోయేటప్పుడు ఆ క్రీం రాసుకోండి, పారేయకండి" అని ట్యూబు నూనె సీసా పక్కన పెట్టింది. అచ్చమ్మ పొద్దున దాన్ని కూడా రాసుకోసాగింది.

సాయంత్రం మాత్రం రాయి. ఇష్టమై చేసింది కాబట్టి అంతా సుఖంగా ఉందని కాదు. వదిన అడిగిన ప్రశ్న రోజూ ఆమెతో పాటే గుమ్మంలో కూర్చునేది. తన మొహం మీది పసుపు గోడ అవతల ఒక మనిషిని కోస్తోందని తెలుసు. మానేద్దామని రెండుసార్లు కొమ్ము కింద పెట్టింది. కింద పెడితే చేతులు ఊరికే ఉండలేదు. మళ్ళీ తీసుకుంది. పసుపు ఒకరోజు నీళ్ళయ్యేది, ఒకరోజు పలుకుపలుకుగా వచ్చి బుగ్గలు గీసుకుపోయేవి. ఎంత రుద్దినా గంగరాజు తీసిన గంధం లాంటి మెత్తటి పసుపు రాలేదు. అన్నేళ్ళు ఎదురుగా కూర్చుని చూసింది కానీ, చూసింది అతని మొహాన్ని. చేతుల్ని కాదు.

కాయ చివరి కోతకొచ్చింది. తొలకరి మబ్బు పట్టిన ఒక సాయంత్రం అచ్చమ్మ గుమ్మం ముందు కూర్చుని రాయి మీద కొమ్ము రుద్దుతోంది. గేటు కిర్రుమంది. గోవిందమ్మ వచ్చి ఆమె నెత్తిన నిలబడింది. అచ్చమ్మ చెయ్యి ఆగింది. తిట్లకు సిద్ధపడి తల దించుకుంది.

"ఆపవే ఆ మోత!" అంది గోవిందమ్మ. "రోజూ వినలేక చస్తున్నాను. ఏంటది, కొడవలి నూరుతున్నావా?"

"పసుపే వదినా..."

"పసుపు అట్టా తీస్తారా? ముందుకీ వెనక్కీ గీకుతావేంటి, గోడకి పేడ పట్టిందా? వాడు తీస్తుంటే ఎప్పుడన్నా ఇట్టా చప్పుడొచ్చిందా?"

గోవిందమ్మ మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ, గంగరాజు కూర్చునే చోటే గొంతుక్కూర్చుంది. మరదలి చేతిలోంచి కొమ్ము లాక్కుంది.

"నీళ్ళు రాయి మీద పొయ్యకూడదు. కొమ్ముని ముంచాలి. ముంచి, దులిపి, ఇదిగో, ఇట్టా గుండ్రంగా తిప్పాలి. బరువు పెట్టకూడదు. రాయి దాని పని అదే చేసుకుంటది."

గుండ్రంగా తిప్పింది. చప్పుడు లేదు. ముసలి వేళ్ళ కింద పసుపు చిక్కగా, మెత్తగా చేరసాగింది.

"నీకెట్టా తెలుసు వదినా ఇది?"

"వాడికి నేర్పిందెవరనుకున్నావ్? నా పెళ్ళికి నలుగు పసుపంతా వాడే తీశాడు. ఎనిమిదేళ్ళ పిల్లోడు. నీళ్ళు ఎక్కువ పోసి పోసి నా చేత రెండు దెబ్బలు తిన్నాడు. ఏడుస్తూనే తీశాడు." ఆమె చెయ్యి ఆగలేదు. "నువ్వొచ్చాక నీకు తీస్తుంటే గోడ మీంచి చూసేదాన్ని. నేను చెప్పినట్టే తిప్పేవాడు. ఒక్క రోజు తప్పు తిప్పలా."

గోవిందమ్మ తీసినదంతా వేళ్ళతో చేర్చి, మీగడ గిన్నెలో వేసి కలిపి, గిన్నె మరదలి ముందుకు తోసింది. పట్టించుకొమ్మని చెప్పలేదు, వద్దని చెప్పలేదు. అచ్చమ్మ పట్టించుకుంది. గిన్నెలో ఇంకా మిగిలింది. గిన్నె వైపూ వదిన మొహం వైపూ చూసింది. నోటి దాకా వచ్చిన మాటను మింగేసింది. అది తను అడగాల్సిన మాట కాదనిపించింది.

గోవిందమ్మ లేచి బకెట్ దగ్గర చేతులు కడుక్కుంది. సబ్బు పెట్టి మళ్ళీ కడుక్కుంది. గోళ్ళ చుట్టూ, వేళ్ళ గీతల్లో పచ్చదనం అలాగే ఉంది. చేతులు ఇటూ అటూ తిప్పి చూసుకుని, చీరకు తుడుచుకోకుండా గాలికి ఆరబెట్టుకుంటూ వచ్చి మళ్ళీ గుమ్మంలోనే కూర్చుంది.

"వదినా, ఎవరన్నా చూస్తే?" అంది అచ్చమ్మ. మొహం మీద పసుపు ఆరుతోంది, పెదాలు సరిగా కదలటం లేదు.

"చూస్తే?"

"ఏమన్నా అంటారేమో."

"ఈ వీధిలో అనేదాన్ని నేనే. నేనిక్కడ కూర్చున్నాక ఇంకెవరంటారు?"

అచ్చమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే పసుపు పగులుతుందని ఆపుకుంది. ఆగలేదు, కళ్ళ కింద రెండు చోట్ల పగిలింది. గోవిందమ్మ అది చూడనట్టు లోపలికి మెడ తిప్పి, గాలి పీల్చింది.

"ముందు లేచి అన్నం సంగతి చూడు. రేపట్నుంచి కాస్త పెందలాడే పెట్టు ఎసరు. ఏడింటికి నాకు సీరియలుంది."